డాల్ఫిన్ ఒంటి మీద పచ్చబొట్టు: మచ్చను ఎలా చదవాలి, ముక్కను ఎలా తీయాలి

(పశువైద్య, మత్స్యశాస్త్ర విద్యార్థులకు, తీరప్రాంత వాలంటీర్లకు ఇచ్చిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ఊళ్లలో పెద్దవాళ్ల చేతుల మీద పాత పచ్చబొట్లు చూసే ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ గీత అలుక్కుపోతుంది, అంచు చెదురుతుంది, దగ్గరికెళ్లి చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. డాల్ఫిన్ల ఒంటి మీద అచ్చం ఇలాంటి మచ్చలే పడుతుంటాయి. బూడిద రంగువి, నల్లవి, ఒక్కోసారి పసుపు ఛాయ ఉన్నవి. అంచు వంకరటింకరగా ఉంటుంది, లోపలంతా సూదితో పొడిచినట్టు చుక్కలు. చర్మానికి సమంగా ఉంటాయి, లేదంటే కొద్దిగా ఉబ్బుతాయి. శాస్త్రవేత్తలు కూడా వీటిని 'టాటూ' మచ్చలనే అంటారు. మనకు పచ్చబొట్టు అన్న మాట ఉండనే ఉంది కాబట్టి నేను ఆ మాటే వాడతాను. ఈ మచ్చ వేసేది పాక్స్ వైరస్. అంటే మశూచి కుటుంబం.

ఈ మచ్చ కనపడగానే ఇది జబ్బు డాల్ఫిన్, చచ్చిపోతుందని తేల్చేస్తారు కొందరు. మచ్చే కదా అని వదిలేస్తారు ఇంకొందరు. రెండూ తప్పే. మచ్చ పిల్లకొచ్చిందా పెద్దదానికొచ్చిందా, ఎంత మేర ఉంది, ఎన్నాళ్లుగా ఉంది అన్నవి తెలిస్తే ఆ జంతువు గురించే కాదు, ఆ గుంపు మొత్తం ఆరోగ్యం గురించి చాలా తెలుస్తుంది. సముద్రంలో ఈదే జంతువుకు రక్తపరీక్ష చేయడం అంత తేలిక కాదు. చర్మం మాత్రం కంటికి కనిపిస్తుంది.

ముందుగా ఆ చర్మం సంగతి. డాల్ఫిన్‌కు ఒంటి మీద వెంట్రుకలు లేవు, చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులు లేవు. పైపొర మాత్రం నేల మీది జంతువుల చర్మంతో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు మందం. మన చర్మంలో కణం పైకి వచ్చేసరికి కేంద్రకం పోయి, చచ్చి, పొట్టులా రాలుతుంది. డాల్ఫిన్‌లో అన్నిటికన్నా పైకి చేరిన కణంలో కూడా కేంద్రకం మిగిలే ఉంటుంది. బాటిల్‌నోస్ డాల్ఫిన్‌లో పైవరుస కణాలు దాదాపు రెండు గంటలకోసారి రాలిపోతుంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలడానికి 70 రోజుల పైచిలుకు పడుతుంది.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. రెండు గంటలకోసారి పైవరుస ఊడిపోతుంటే మచ్చ నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తుంది? వైరస్ ఉండేది పైవరుసలో కాదు, మధ్యపొరలో. కింద నుంచి కొత్త కణాలు ఆ పొరలోకి వస్తూనే ఉంటాయి, వైరస్ వాటిని పట్టుకుంటూనే ఉంటుంది. పైన ఎంత రాలినా కింద మచ్చ తయారవుతూనే ఉంటుంది. అందుకే మచ్చను గీకినా రుద్దినా పోదు. గీకితే పుండవుతుంది, ఆ పుండులోకి బాక్టీరియా చేరుతుంది.

మచ్చ నుంచి చిన్న ముక్క తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే మధ్యపొర కణాలు మరమరాల్లా ఉబ్బి కనిపిస్తాయి. కణం లోపల, కేంద్రకానికి బయట, గులాబీ రంగు ముద్దలుంటాయి. అవి వైరస్ తయారయ్యే చోట్లు. కేంద్రకానికి బయట అన్న మాట రాసిపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఒక్కో వైరస్ కణం మధ్యలో నొక్కినట్టు డంబెల్ ఆకారపు గర్భం కనిపిస్తుంది. దీన్ని 1979లో రెండు బృందాలు వేర్వేరుగా ప్రచురించాయి. జెరాసీ బృందం 'డాల్ఫిన్ పాక్స్' అని పేరు పెట్టింది. ఫ్లామ్, హౌక్ అనే ఇద్దరు బందీలో పెరిగిన బాటిల్‌నోస్ డాల్ఫిన్ల పచ్చబొట్టు మచ్చల్లో పాక్స్ వైరస్ ఆకారాన్ని చూపించారు. 2006లో జన్యువులు పోల్చి చూస్తే డాల్ఫిన్ల వంటి పళ్లున్న జాతులది ఒక రకం, పళ్లులేని బోహెడ్ తిమింగలంలో దొరికింది మరో రకం అని తేలింది. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియా డాల్ఫిన్ నుంచి తీసిన వైరస్ జన్యుపటం పూర్తిగా వచ్చింది. దాని పొడవు దాదాపు 1,21,000 బేస్ జతలు, అంటే డీఎన్ఏ అక్షరాల జతలు. మన పశువులను 2022లో అల్లాడించిన ముద్దచర్మ వ్యాధి వైరస్, గొర్రెల మశూచి వైరస్ కూడా ఈ కుటుంబానివే. దాయాదులే గానీ వైరస్‌లు వేరు. గొడ్డు నుంచి డాల్ఫిన్‌కు వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు పెరూ సంగతి. ఈ విషయంలో ఎక్కువ నేర్పిన చోటు అదే. పుకుసానా, సెర్రో అసుల్ వంటి రేవుల్లో వలలో పడిన చిన్న డాల్ఫిన్లు, వాటి దాయాదులైన పోర్పాయిస్‌లు ఒడ్డుకు వచ్చేవి. మారీ ఫ్రాన్స్వాజ్ వాన్ బ్రెసెమ్, కోయెన్ వాన్ వేరెబీక్ ఆ రేవుల్లోనే కూర్చుని ఒక్కో జంతువు ఒంటినీ పరిశీలించారు. డస్కీ డాల్ఫిన్లలో, బర్మీస్టర్ పోర్పాయిస్‌లలో పచ్చబొట్టు చాలా ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత 2009లో వాన్ బ్రెసెమ్ బృందం అమెరికా ఖండాలు, యూరప్, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, గ్రీన్‌లాండ్ నుంచి 17 జాతులకు చెందిన 1,392 జంతువుల వివరాలు ఒకచోట చేర్చింది.

అందులో బయటపడిన క్రమం చాలాచోట్ల ఒక్కటే. పాలు తాగే పిల్లల్లో మచ్చ తక్కువ, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కాపాడతాయి. ఆ రక్షణ తీరిపోయిన ఎదిగే వయసులో మచ్చలు పెరుగుతాయి. పెద్దయ్యాక మళ్లీ తగ్గుతాయి, అప్పటికి సొంత రోగనిరోధక శక్తి వచ్చి ఉంటుంది. మన దగ్గర ఆటలమ్మ పిల్లలకు వచ్చిపోయినట్టే అనుకోండి. కాబట్టి ఎదిగే వయసు డాల్ఫిన్ మీద నాలుగు పచ్చబొట్లుంటే కంగారు పడాల్సింది లేదు.

కానీ కొన్నిచోట్ల ఈ లెక్క తలకిందులైంది. బ్రిటిష్ దీవుల్లో ఆరోగ్యం చెడిన కామన్ డాల్ఫిన్లు, హార్బర్ పోర్పాయిస్‌లలోనూ, పటగోనియాలోని చిలీ డాల్ఫిన్లలోనూ చిన్నవాటి కన్నా పెద్దవాటిలో మచ్చలు ఎక్కువ. పోర్చుగల్‌లోని సాదో నదీముఖంలోనూ, మరికొన్ని చోట్లా కొన్ని పెద్ద డాల్ఫిన్ల మీద చాలా పెద్ద పచ్చబొట్లు కనిపించాయి. చిన్నప్పుడే తీరిపోవాల్సిన జబ్బు పెద్దదాని ఒంటి మీద అరచేతిని మించి పరుచుకుందంటే వైరస్ బలం పెరిగిందని కాదు, ఆ జంతువు రోగనిరోధక శక్తి తగ్గిందని అర్థం. ఈ మచ్చల విద్యలో నాకు అన్నింటికన్నా విలువైనదనిపించేది ఇదే. పచ్చబొట్టు నేరుగా చంపడం అరుదు. తల్లి రక్షణ లేకుండా పుట్టిన పసికూనలను చంపవచ్చన్న అభిప్రాయం మాత్రం ఉంది.

రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గుతుంది అంటే వెంటనే కాలుష్యం అంటాం. పీసీబీ వంటి రసాయనాలు కొవ్వులో పేరుకుని రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయన్నది నిజమే. అయినా 1999లో బెన్ విల్సన్ బృందం పది బాటిల్‌నోస్ గుంపుల చర్మపు మచ్చలు పోల్చినప్పుడు కాలుష్యంతో సంబంధం తేలలేదు. నీళ్లు చల్లగా ఉన్నచోట, ఉప్పు తక్కువ ఉన్నచోట మచ్చలు ఎక్కువగా, తీవ్రంగా ఉన్నాయి. కాబట్టి మచ్చల ఫొటో పెట్టి ఫలానా ఫ్యాక్టరీ వల్లే అని రాసే ముందు ఆ నీటి వేడి, ఉప్పు కొలిచారా అని అడగండి. కొలవకుండా చేసే ఆరోపణ రేపు అసలైన కాలుష్యం కేసును కూడా బలహీనం చేస్తుంది.

రెండో కుటుంబం హెర్పెస్. మన ఆటలమ్మ, అక్కి ఈ కుటుంబానివే. ఇంగ్లీషు పేరులో పాక్స్ అని ఉన్నా ఆటలమ్మ మశూచి కుటుంబం కాదని గుర్తుంచుకుంటే డాల్ఫిన్ దగ్గర కూడా తికమక ఉండదు. కెనడాలోని సెయింట్ లారెన్స్ బెలూగా తెల్ల తిమింగలాల్లో దీన్ని 1988లో గుర్తించారు. గుండ్రటి, లేత బూడిద రంగు, కాస్త ఉబ్బెత్తు మచ్చలు. ఒకసారి ఒంట్లో చేరితే నరాల్లో దాక్కుని, జంతువు ఒత్తిడికి గురైనప్పుడు మళ్లీ పైకి వస్తుంది. ఫొటోలో పాక్స్‌నూ హెర్పెస్‌నూ ఖాయంగా విడదీయలేం. స్లైడు మీద విడదీయగలం. హెర్పెస్ ముద్దలు కేంద్రకం లోపల ఉంటాయి, పాక్స్ ముద్దలు బయట. పాక్స్ వైరస్ తన కాపీలు తీసుకునే సరంజామా అంతా వెంట తెచ్చుకుంటుంది, దానికి కేంద్రకంతో పని లేదు. హెర్పెస్ కేంద్రకంలోకి వెళ్తేగానీ పెరగదు.

మూడోది పులిపిర్లు, అంటే పాపిలోమా వైరస్. చర్మం మీద, నాలుక మీద, మర్మాంగాల మీద వస్తాయి. పెరూ డస్కీ డాల్ఫిన్లలో, బర్మీస్టర్ పోర్పాయిస్‌లలో మర్మాంగాల పులిపిర్లు చాలా ఎక్కువ. మగవాటిలో కొన్నింటికి అవి ఎంత పెద్దవంటే జతకట్టడానికే అడ్డం రావచ్చని అంచనా వేశారు. అందుకే ఒడ్డుకొచ్చిన కళేబరాన్ని వీపు వైపు మాత్రమే చూసి వదిలేయొద్దు. నోరు తెరిచి నాలుక చూడాలి, తిరగేసి మర్మాంగపు చీలిక విప్పి చూడాలి. చాలా రిపోర్టుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

కాలిసీ వైరస్ గురించి రెండు ముక్కలు. సీ లయన్లలో (సముద్ర సింహాల్లో) దొరికిన ఈ వైరస్ డాల్ఫిన్లలో నీటి బొబ్బలు పుట్టించినట్టు 1983లో ప్రచురించారు. బొబ్బ చిట్లి పైపైన పుండు మిగులుతుంది. మన తట్టు వైరస్‌కు దాయాది అయిన మార్బిలీ వైరస్ తెచ్చేది చర్మం జబ్బు కాదు. ఊపిరితిత్తులు, మెదడు పాడుచేసి, రోగనిరోధక శక్తిని తినేసి, ఆ తర్వాత చర్మం మీద పుళ్లు పడే దారి తెరుస్తుంది. కాబట్టి ఒక్క వారంలో నాలుగైదు కళేబరాలు పుళ్లతో వస్తే చర్మంతో సరిపెట్టుకోకుండా ఊపిరితిత్తి, మెదడు, తిల్లి (ప్లీహం) ముక్కలు కూడా తీయాలి.

ఇక వైరస్ కానివి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మంచినీటి చర్మవ్యాధి అన్నింటికన్నా ముఖ్యం. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోనూ, 2007లో ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ సరస్సుల్లోనూ ఉప్పునీటి డాల్ఫిన్లు హఠాత్తుగా మంచినీటిలో చిక్కుకున్నాయి. వారాల్లోనే చర్మం పాలిపోయి, ఉబ్బి, పుళ్లు పడింది. పైన బూజు, నాచు పెరిగి పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల పొర కట్టింది. కొన్నింటికి ఒంట్లో 70 శాతం దాకా పాడైంది. మనిషికి ఒళ్లంతా కాలినట్టే లెక్క. 2020లో డ్యూగ్నన్ బృందం దీన్ని నిర్వచించి ప్రచురించింది. మన గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో వరద రోజుల్లో డాల్ఫిన్ లోపలికి వచ్చి చిక్కుకుంటే మొదట చేయాల్సింది నీటి ఉప్పు కొలవడం. బయటి సముద్రంలో లీటరుకు 35 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మీ మీటరు 5 చూపిస్తుంటే వైరస్ కోసం వెతికేముందు ఆ నీటి సంగతి చూడాలి.

గులాబీ, తెలుపు రంగుల్లో కాలీఫ్లవర్‌లా పొడుచుకొస్తే అది లోబోమైకోసిస్ తరహా ఫంగస్ కావచ్చు, ఫ్లోరిడా, బ్రెజిల్ తీరాల్లో పేరుపడింది. డైమండు ఆకారపు గట్టు మచ్చలైతే ఎరిసిపెలోథ్రిక్స్ అనే బాక్టీరియా. అది రక్తంలోకి దిగితే రోజుల్లో చంపుతుంది, గాయం ద్వారా మనిషికీ అంటుతుంది. అచ్చు వేసినట్టు గుండ్రంగా, గిన్నెలా లోతుగా మాంసం లేచిపోతే కుకీకట్టర్ సొర కాటు. మన ఎండలో ఇంకోటి జరుగుతుంది. చచ్చిన ఒకటి రెండు రోజులకే నల్లటి పైచర్మం పొరలుగా ఊడిపోయి కింద తెల్లగా బయటపడుతుంది. దాన్ని చూసి తెల్ల తిమింగలం అనీ, చర్మరోగమనీ రాసేస్తారు. అది కుళ్లడమే.

చిలికా సరస్సు ఇరావడీ డాల్ఫిన్ల ప్రస్తావన ఇక్కడ తేవాలి, మనకు దగ్గరిది కాబట్టి. 2014లో వచ్చిన అధ్యయనంలో చిలికా, బంగ్లాదేశ్ సుందర్బన్స్, మలేషియా గుంపుల ఫొటోలు పరిశీలిస్తే చర్మం మీద గడ్డలు కనిపించాయి. ఫొటోలు గడ్డ ఉందని చెప్పగలవు, కారణం చెప్పలేవు. కారణం తేలాలంటే ముక్క కావాలి.

ముందు ఫొటో పద్ధతి. వీపు రెక్కతో సహా రెండు పక్కలూ తీయాలి, ఒక పక్క మచ్చ ఉండి రెండో పక్క ఉండకపోవచ్చు. 300 మిల్లీమీటర్ల లెన్సు, షట్టర్ 1/1000 సెకనుకు తగ్గకుండా. పడవ జంతువుకు సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే మచ్చ కొలత తప్పుతుంది. సూర్యుడు మీ వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే నీటి మెరుపు లేత మచ్చలా పడుతుంది. ఒక మచ్చ ఒక్క ఫ్రేములోనే ఉండి తర్వాతి ఫ్రేములో లేకపోతే అది మచ్చ కాదు, మెరుపు. కొలతకు వీపు రెక్క అడుగు పొడవును స్కేలుగా వాడండి, మచ్చ అందులో ఎన్నో వంతో రాయండి. అదే జంతువును రెక్క గాట్లతో గుర్తుపట్టి ఆరు నెలల తర్వాత మళ్లీ తీస్తే మచ్చ పెరిగిందా, లేత బూడిద రంగుకు తిరిగి మానుతోందా అన్నది తెలుస్తుంది.

ఒడ్డుకొచ్చిన కళేబరం దగ్గర మొదటి పని అటవీశాఖకు ఫోన్. డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 కిందకొస్తాయి. చచ్చినదాని నుంచి ముక్క తీయాలన్నా అనుమతి కావాలి. 2021లో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు ఉన్నాయి, చదవండి.

అనుమతి వచ్చాక, ముట్టుకోకముందే స్కేలు పెట్టి ఫొటో. కాకులు పొడిచినవి, ఇసుక గీరినవి, వల తాడు కోసినవి వేరుగా గుర్తించండి. తర్వాత బ్లేడు. ముక్క ఎక్కడ కోయాలన్నదే కీలకం. చాలామంది మచ్చ నడిమధ్యన తవ్వుతారు. మధ్యలో చచ్చిన కణాలు, బాక్టీరియా తప్ప ఏమీ మిగలకపోవచ్చు. సగం మచ్చ, సగం మంచి చర్మం వచ్చేలా అంచు మీద కోయాలి. వైరస్ చురుగ్గా ఉండేదీ, తేడా కనిపించేదీ అక్కడే. లోతు పైచర్మం మొత్తం దాటి కింద తెల్లటి కొవ్వు తగిలేదాకా. ఒక్కో మచ్చకు కొత్త బ్లేడు, లేకపోతే ఒక మచ్చ వైరస్ ఇంకో మచ్చ సీసాలో దొరుకుతుంది.

ముక్కను రెండుగా చేయండి. ఒకటి 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లోకి. లీటరు తయారీకి బజారు ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్క మందం సెంటీమీటరు దాటకూడదు, ద్రవం ముక్కకు పదింతలు ఉండాలి. సీసా నిండా ముక్కలు కుక్కితే లోపలిదాకా మందు దిగక నడుమ కుళ్లిపోతుంది. ఈ సీసాను ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి, స్లైడు పనికిరాదు.

రెండో ముక్క మందులేని శుభ్రమైన చిన్న వయల్‌లో, వెంటనే మంచు మీద, వీలైనంత త్వరగా మైనస్ 80 డిగ్రీలకు. ఇది పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష కోసం. ఫ్రీజర్ దూరమైతే 95 శాతం ఇథనాల్‌లో వేసినా డీఎన్ఏ వైరస్‌లకు సరిపోతుంది. పాక్స్, హెర్పెస్, పాపిలోమా మూడూ డీఎన్ఏ వైరస్‌లే. మార్బిలీ, కాలిసీ ఆర్ఎన్ఏవి, త్వరగా చెడిపోతాయి, వాటికి గడ్డకట్టించడమే మేలు. పక్కనున్న మంచి చర్మం ముక్క ఒకటి విడిగా తీయడం మరచిపోవద్దు. అది లేకపోతే ల్యాబువాళ్లు దేనితో పోల్చుకోవాలి?

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల కూడా వేయండి. ఇథనాల్ ఒలికితే పెన్ను సిరా కరిగి పోతుంది. తేదీ, చోటు, జాతి, ఆడా మగా, ఒంటి పొడవు, మచ్చ ఏ భాగంలో ఉందో రాయాలి. పొడవు లేకపోతే వయసు అంచనా పోతుంది, వయసు లేకపోతే ఇందాక చెప్పిన పిల్లా పెద్దా లెక్కే పోతుంది.

పీసీఆర్‌లో పాక్స్ డీఎన్ఏ దొరికినంత మాత్రాన ఆ మచ్చ పాక్స్‌దేనని కూడా అనుకోకండి. స్లైడు మీద గులాబీ ముద్దలు, పీసీఆర్ ఫలితం రెండూ కలిస్తేనే నమ్మకంగా రాయొచ్చు.

ఒకరు చీటీ పంపారు: ఒడ్డున ప్రాణంతో ఉన్న డాల్ఫిన్ మీద ఇలాంటి మచ్చలుంటే ఏం పూయాలి అని. ఏమీ పూయొద్దు. పసుపు వద్దు, నూనె వద్దు, యాంటీబయాటిక్ పొడి వద్దు. ఈ వైరస్‌లకు మందూ టీకా లేవు, ఆ సమయంలో దాని ప్రాణానికి ముప్పు మచ్చ వల్ల కాదు, ఎండ వల్ల, సొంత బరువు వల్ల. నీడ కల్పించండి, తడి గుడ్డ కప్పండి, నెత్తి మీద ఊపిరి రంధ్రాన్ని గుడ్డతో మూయొద్దు, అందులో నీళ్లు పడనీయొద్దు. తోక పట్టి లాగొద్దు. గ్లౌజులు లేకుండా, చేతి మీద గాయంతో ముట్టుకోవద్దు. డాల్ఫిన్ పచ్చబొట్టు వైరస్ గురించి కాదు, ఆ ఎరిసిపెలోథ్రిక్స్ బాక్టీరియా గురించి చెబుతున్నాను. జంతువును నీళ్లలోకి వదిలే ముందు రెండు పక్కలా ఒక్కో ఫొటో, వీపు రెక్క స్పష్టంగా పడేలా. రేపు అది ఇంకో తీరంలో కనిపిస్తే గుర్తుపట్టేది ఆ ఫొటోతోనే.